వంజరం ఫొటోలో వెనక పడుకున్నది మా బామ్మర్ది

కడప నుంచి ఒకాయన ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి వేయొద్దన్నారు. వయసు 39, హార్డ్‌వేర్ షాపు. భార్యది రాయచోటి. ఉత్తరంతో పాటు ఒక ఫొటో కూడా పంపారు. దాన్ని ఇక్కడ వేయడం లేదు గానీ, దాని గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరానికి జవాబు చెప్పలేను. ముందు ఆయన రాసింది కుదించి చెబుతాను.

ఈ ఫిబ్రవరిలో ఎనిమిది మంది కలిసి చెన్నై వెళ్ళారు. ఈయనతో కలిపి ఏడుగురు చిన్ననాటి స్నేహితులు. ఎనిమిదోవాడు ఈయన బామ్మర్ది, 23 ఏళ్ళ కుర్రాడు, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఒక ఫ్రెండు చివరి నిమిషంలో రాలేనన్నాడు. మిగిలినవాళ్ళ మీద వాటా పెరుగుతుందని, "నువ్వు రారా, సముద్రం చూద్దువు" అని ఈయనే బామ్మర్దిని లాక్కెళ్ళారు. సముద్రం లోపలికి తీసుకెళ్ళి గాలాలతో చేపలు పట్టించే బోటు అది. రోజంతటికీ 32 వేలు, తలా నాలుగు వేలు. ముందు రాత్రి లాడ్జిలో "కొంచెం పార్టీ" జరిగిందట. పరోటాలు, బిర్యానీ, రెండింటి దాకా కబుర్లు. పడుకోబోయే ముందు బామ్మర్ది, "బావా, నాకు బస్సే పడదు. నేను ఒడ్డునే ఉంటాలే, మీరు పోయి రాండి" అన్నాడు. "బస్సు వేరు, బోటు వేరురా" అని ఈయన నవ్వేశారు.

తెల్లవారుజామున ఐదుకు బయలుదేరారు. ముప్పావు గంటకే కుర్రాడికి వాంతులు మొదలు. మాత్ర ఇస్తే అదీ బయటికొచ్చేసింది. బోటు నడిపే తమిళాయన ఆరున్నరకు "తిరుంబలామా సార్?" అన్నాడు, అంటే వెనక్కి తిరుగుదామా అని. "అందరూ ఇంకో గంట చూద్దామన్నారు" అని ఉత్తరంలో ఉంది. కుర్రాణ్ణి ఇంజిన్ పక్కనున్న చిన్న గదిలో పడుకోబెట్టారు. తొమ్మిదికి బోటాయన మళ్ళీ అడిగాడు. అప్పటికి వాడు గుక్కెడు నీళ్ళు తాగినా కక్కేస్తున్నాడు. పిలిస్తే "ఊఁ" అంటున్నాడు తప్ప మాట లేదు. "ఇంత దూరం వచ్చి ఖాళీ చేతుల్తో ఎట్ల పోతామని అనుకున్నారు" అని రాశారు. పదిన్నరకు వంజరం పడింది, తొమ్మిది కిలోలది. పదకొండుకు బోటు తిప్పారు, ఒంటిగంటకు ఒడ్డు చేరారు. ఇంటికి వచ్చే దారిలో ఒక ఆసుపత్రిలో కుర్రాడికి రెండు బాటిళ్ళు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. బిల్లు 6,400 ఈయనే కట్టారు. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు.

ఇంట్లో పరిస్థితే బాగాలేదు. వంజరం ఫొటోను ఒక ఫ్రెండు వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ముందు ఇద్దరు చేపను చెరో పక్క ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు, అందులో ఒకరు ఈయన. వెనక ఎర్ర ఐస్ పెట్టె, దాని పక్కన గది గుమ్మంలోంచి బయటికి చాచుకున్న రెండు కాళ్ళు. ఒక కాలికే చెప్పు ఉంది. ఆ కాళ్ళు ఎవరివో అక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

ఆమె గొడవ పడలేదట. రెండు మాటలన్నారు. మొదటిది, "గువ్వలచెరువు ఘాటే పడనోనికి సముద్రం యాడ పడతాది? నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని." గువ్వలచెరువు ఘాటంటే కడప, రాయచోటి మధ్య మలుపుల కొండదారి. రెండోది, "అదే మీ తమ్ముడైతే బోటు తిప్పిచ్చేవాళ్ళు కదా?" దీనికి ఈయన జవాబు చెప్పలేదు. అప్పట్నుంచి ఇంట్లో అవసరమైన మాటలే.

బామ్మర్ది రాయచోటి చేరిన మర్నాడే ఫోన్‌పేలో నాలుగు వేలు పంపాడు. కింద ఒక మెసేజ్: "లెక్క సరిపోయింది కదా బావగారూ, మీరు చూసుకోండి." అంతకుముందు ఎప్పుడూ "బావా", "నువ్వు" అనేవాడట. ఇటు స్నేహితుల గ్రూపులో ఆ కుర్రాడి మీద ఇప్పటికీ జోకులు నడుస్తున్నాయి. మే నెలలో మళ్ళీ వెళ్దామని, ఈసారి "గట్టోళ్ళు మాత్రమే" అని, అడ్వాన్సు పంపమని అడుగుతున్నారు.

ఈయన ప్రశ్నలు మూడు. నేను నిజంగా తప్పు చేశానా, లేక అందరూ పెద్దది చేస్తున్నారా? ఆ నాలుగు వేలు వెనక్కి పంపాలా? మే ట్రిప్పు మానేస్తే ఫ్రెండ్స్ దూరమవుతారు, వెళితే ఇంట్లో మనశ్శాంతి ఉండదు, ఏం చేయమంటారు?

*

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒకటి కనిపించింది. చేప పడిన పేజీలో అంతా "నేను" ఉంది. నేను రాడ్ పట్టుకున్నా, నేను ఇరవై నిమిషాలు లాగా, నా అరచేతులు బొబ్బలెక్కాయి. బోటు తిప్పాలా వద్దా అన్న పేజీకి వచ్చేసరికి "అందరూ అన్నారు", "అనుకున్నారు". అక్కడ మీరు ఏమన్నారో ఐదు పేజీల్లో ఎక్కడా లేదు. బోటు మాట్లాడింది మీరు. అడ్వాన్సు మీ ఫోన్‌లోంచి వెళ్ళింది. బోటాయన "సార్" అని అడిగింది కూడా మిమ్మల్నే అయ్యుంటుంది. మిగతా ఆరుగురికి ఆ పిల్లవాడు వరసకు ఒక తమ్ముడు, అంతే. వాడి తరఫున నోరు తెరవాల్సిన మనిషి ఆ బోటులో ఒక్కరే ఉన్నారు.

ఇది మిమ్మల్ని బోనెక్కించడానికి అనడం లేదు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని చెబుతున్నాను. తప్పు చేశారా అంటే, ఏ గంట గురించి అడుగుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది.

ఆరున్నరకు తిప్పకపోవడాన్ని నేను పెద్ద తప్పుగా చూడను. మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళలో చాలామందికి కడుపులో తిప్పుతుంది, కొందరికి కాసేపటికి సర్దుకుంటుంది కూడా. ఏడుగురు షాపులు మూసుకుని, సెలవులు పెట్టుకుని, రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా అంత దూరం వచ్చారు. ఓ గంట చూద్దాం అనుకోవడం ఎవరైనా చేసే పనే. తొమ్మిదికి తిప్పకపోవడం మాత్రం తప్పు. దాన్ని మెత్తగా చెప్పే దారి నాకు దొరకలేదు. నీళ్ళు కూడా నిలవని మనిషి, పిలిస్తే సరిగా పలకని మనిషి ఒంట్లో నీరు ఎండిపోతోందని అర్థం. అప్పుడు తిప్పి ఉంటే పదకొండుకల్లా ఒడ్డు మీద ఉండేవాడు. అదే పదకొండుకు మీరు బోటు తిప్పడం మొదలుపెట్టారు.

అయితే మీ భార్యకు, బామ్మర్దికి గుచ్చుకున్నది తొమ్మిది గంటల సంగతి ఒక్కటే కాదని నా అనుమానం. ముందు రాత్రి వాడు చక్కగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా, "నేను ఒడ్డునే ఉంటాలే" అన్నాడు. మీరు "సరేరా, పడుకో" అంటే సరిపోయేది. వాడి నాలుగు వేలు మీరు వేసుకున్నా ఆసుపత్రి బిల్లు కంటే తక్కువే.

బస్సు వేరు, బోటు వేరు అన్నారు చూడండి, అది శుద్ధ తప్పు. రెండూ ఒకటే బాధ. మన లోపలి చెవిలో నీరు నిండిన సన్నని గొట్టాలు మూడు ఉంటాయి, ఒళ్ళు ఎటు ఊగుతోందో మెదడుకు చెప్పేవి అవే. బోటు గదిలో కూర్చుంటే చెవి "ఊగుతున్నాం" అంటుంది, ఎదురుగా గోడ చూస్తున్న కన్ను "లేదు, కదలకుండా ఉన్నాం" అంటుంది. ఈ రెండింటికీ పొంతన కుదరక ఆ తగవు కడుపు మీదికి వస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దూరంగా కొండ చూస్తే తెరిపిగా ఉండేది, తల వంచి ఫోన్ చూస్తే తన్నుకొచ్చేది అందుకే. బోటు మీదైతే నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడమంటారు. మీరేమో కుర్రాణ్ణి ఇంజిన్ పక్క గదిలో, డీజిల్ వాసనలో పెట్టారు. కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుంటే కొందరికి నయంగానే ఉంటుంది. కానీ గాలి తగిలేచోట, బోటు మధ్యలో, ఊపు తక్కువగా ఉండేచోట పడుకోవాలి. ఇంకొక సంగతి. బోటు ముందుకు పోతున్నప్పటి కంటే, ఇంజిన్ ఆపి అలల మీద వదిలేసినప్పుడు అది పక్కలకు ఊగి ఎక్కువ ఏడిపిస్తుంది. అంటే ఇంజిన్ ఆగిన ప్రతిసారీ మీరు హుషారుగా గాలం వేశారు, వాడికి అప్పుడే పేగులు నోట్లోకి వచ్చాయి.

మాత్ర సంగతి కూడా అంతే. వాంతులు మొదలయ్యాక ఇస్తే లోపల నిలవదు. ఈ మాత్రలు ముందు రాత్రో, కనీసం ఎక్కడానికి గంట ముందో వేసుకోవాలి. వీటితో నిద్రమత్తు వస్తుంది, మందు తాగినవాళ్ళు అసలు వేసుకోకూడదు. ఏది, ఎంత అన్నది డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి. రాత్రి రెండింటి దాకా మేలుకుని, బిర్యానీ మీద పరోటా తిన్నవాడి కడుపులో ఏ మాత్రా పెద్దగా పని చేయదనుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేనూ మీ బామ్మర్ది బాపతే. చిన్నప్పుడు రాయచోటి బస్సెక్కే ముందు మా అమ్మ నా చేతిలో నిమ్మకాయ పెట్టేది, గోరుతో గిల్లి వాసన చూసుకోమని. గువ్వలచెరువు ఘాట్ మొదటి మలుపు దాకా ఆ నిమ్మకాయ పని చేసేది. రెండో మలుపులో కండక్టర్ నా మొహం చూసి తనే కిటికీ తెరిచేవాడు. వెనక సీట్లో మా చిన్నాన్న కొడుకులు నవ్వేవాళ్ళు. వాంతి వల్ల ప్రాణం పోయినట్టుండేది నిజమే, కానీ నలభై ఏళ్ళ తర్వాత నాకు వాంతి గుర్తులేదు, ఆ నవ్వు గుర్తుంది.

ఇక మీ గ్రూపులో తిరుగుతున్న "గట్టోళ్ళు" అన్న మాట. జీవపరిణామం చెప్పిన చార్లెస్ డార్విన్ 1831లో బీగిల్ అనే ఓడెక్కి 1836లో తిరిగొచ్చాడు. దాదాపు ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళూ ఓడ ఊగినప్పుడల్లా ఆయనకు ఇదే అవస్థ. ఇంగ్లండ్ నౌకాదళాన్ని నడిపించిన నెల్సన్‌కూ ఇది ఉండేది. కాబట్టి ఇది గుండె ధైర్యానికో ఒంటి బలానికో సంబంధించిన విషయం కాదు. ఈ ముక్క గ్రూపులో పెడితే జోకులు ఆగిపోతాయని నేను అనడం లేదు, మీ మీద ఇంకో జోకు పుడుతుంది. అయినా ఏదో ఒకటి చెప్పాలి. నాకు కనిపించే దారులు రెండు. గ్రూపులోనే "వాడి మీద ఇంక ఏమీ పెట్టొద్దు, నాకు నచ్చడం లేదు" అని ఒక్క లైను రాయడం. కొందరు చిన్నబుచ్చుకుంటారు, ఒకరిద్దరు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు, వారం రోజులు గ్రూపు చప్పగా ఉంటుంది. లేదా స్టేటస్ పెట్టిన స్నేహితుడికి విడిగా ఫోన్ చేసి, ఆ ఫొటో గ్రూపులోంచి తీసేయమని, అందరికీ ఆయన్నే చెప్పమనడం. గొడవ తక్కువ. కానీ ఇంతమంది ముందు నవ్వు జరిగినప్పుడు ఆపడం చాటుగా జరిగిందని మీ బామ్మర్దికి ఎప్పటికీ తెలియదు. మీ ఆరుగురి సంగతి మీకు తెలిసినంత నాకు తెలియదు, ఎంచుకోవాల్సింది మీరే. ఏమీ అనకుండా గ్రూపులోంచి బయటికి వచ్చేయడం మాత్రం వద్దు. అప్పుడు మీ అలక ఒక్కటే వాళ్ళకు కనిపిస్తుంది.

మే ట్రిప్పు గురించి రెండు పేజీలు రాశారు. నేను తక్కువలో తేలుస్తాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లతో వేట నిషేధం ఉంటుంది. మన కోస్తాకూ తమిళనాడుకూ ఒకటే తేదీలు. "మే అయినా పర్వాలేదు, అడ్వాన్సు పంపండి" అంటున్న మనిషిని, ఏ అనుమతితో తీసుకెళ్తావయ్యా అని ఎవరైనా అడిగారా? అడిగి, కాగితం చూశాకే డబ్బు మాట. మీరు పంపిన ఫొటోలో ఇంకొకటి చూశాను. చేప పట్టుకున్న ఇద్దరికీ, పక్కన సగం కనిపిస్తున్న మూడో మనిషికీ లైఫ్ జాకెట్ లేదు. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర ఫెర్రీ ఘాట్ వద్ద కృష్ణలో బోల్తా పడిన పడవలో ఉన్నవాళ్ళు చాలామంది ఒంగోలు వాకర్స్ క్లబ్బు వాళ్ళు, మీలాగే కలిసి సరదాగా వచ్చినవాళ్ళు. అనుమతి లేని ప్రైవేటు పడవ అది. ఇరవైమందికి పైగా పోయారు. అది నది, మీరు వెళ్ళింది ఒడ్డు కనపడని సముద్రం.

వెళ్ళొద్దని నేను చెప్పను. మీకు అది ఇష్టం. రీల్ తిరుగుతున్న చప్పుడు గురించి మీరు రాసిన ఆ నాలుగు లైన్లు చదివితే నాకే ఒకసారి వెళ్ళాలనిపించింది, ఒడ్డు మీద నుంచైనా. నిషేధం అయ్యాక, లేదా వచ్చే జనవరి, ఫిబ్రవరిలో వెళ్ళండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం, ఆ మూడు నెలలు వద్దు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని ఏ తీరంలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో రోజూ చెబుతుంది. వెళ్ళే ముందు రోజు అది చూడడానికి రెండు నిమిషాలు చాలు.

కానీ ఆర్గనైజర్ మీరే అయితే, బోటెక్కక ముందే ఒక మాట తేల్చుకోవాలి: ఎలాంటప్పుడు తిప్పుతాం, ఆ మాట ఎవరు చెబుతారు. ఎవరికైనా నీళ్ళు నిలవకపోతే చర్చ లేకుండా తిప్పేయాలి, డబ్బు వెనక్కి రాదు, ఎవరూ సణగకూడదు. ఇది అందరి ముందూ, బోటాయన వింటుండగా అనుకోవాలి. ఒడ్డున ఉన్నప్పుడు ఇది చెప్పడం సులువు. నడిసంద్రంలో, గాలానికి చేప తగులుతున్నప్పుడు, ఏడుగురి మొహాలు చూస్తూ చెప్పడం ఎంత కష్టమో మీకు ఇప్పుడు తెలుసు. ఇంకో పని కూడా చేయాలి. ముందు రోజు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "నీకు పడుతుందా? భయమైతే ఒడ్డునే ఉండు, డబ్బులు అడగం" అనాలి. పదిమందిలో అడిగితే ఎవడూ నిజం చెప్పడు. ఇలా ఒప్పుకుంటేనే వస్తానంటే మీ స్నేహితులు ఏమంటారు? ఒకరిద్దరు "సముద్రానికా, స్కూలు పిక్నిక్‌కా?" అంటారు. అననివ్వండి. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ ట్రిప్పు మీకు కాదు. అంతమాత్రాన పాతికేళ్ళ స్నేహం పోదు, పోతే అది బోటు వల్ల పోయినట్టు కాదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం మీ భార్యది: "అదే మీ తమ్ముడైతే బోటు తిప్పిచ్చేవాళ్ళు కదా?" మీరు మౌనంగా ఉన్నారు. ఆ మౌనాన్ని ఆమె జవాబుగానే తీసుకుని ఉంటారు. ఈ ప్రశ్నకు మూడు రకాలుగా చెప్పొచ్చు. "అట్లేం లేదు, వాడైనా అంతే" అంటే, ఆమె నమ్మరు. నమ్మినా మీ మీద భయం పుడుతుంది, సొంత తమ్ముడికైనా తిప్పడా ఈ మనిషి అని. "ఇప్పుడా మాట ఎందుకు, వాడు బాగానే ఉన్నాడు కదా" అంటే ఇంకో ఆరు నెలలు అవసరమైన మాటలే. "అవును, తిప్పించేవాణ్ణి" అంటే ఆ పూట ఇంట్లో ఏడుపు ఉండొచ్చు, కోపం ఉండొచ్చు, ఆమె పుట్టింటికి ఫోన్ కూడా చేయొచ్చు. మూడిట్లో ఇదొక్కటే నిజమని నాకు అనిపిస్తోంది. మీకు వేరేలా అనిపిస్తే మీ నిజం మీరు చెప్పండి. కానీ ఈసారి జవాబు చెప్పండి. చెప్పేటప్పుడు ఫ్రెండ్స్ ఏమన్నారో, బోటు ఎంత దూరంలో ఉందో ఆ వివరాలు పెట్టుకోకండి. వాటిని ఆమె అడగలేదు.

ఆమె మొదటి మాట కూడా వదిలేయొద్దు. "నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని." వాడి చిన్నప్పటి ప్రయాణాలన్నీ చూసిన మనిషి పక్క గదిలో ఉన్నారు. మీరు అడగలేదు. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇంట్లో చాలా తగవులకు మొదలు ఇలాంటి మాట దగ్గరే ఉంటుంది.

బామ్మర్ది విషయానికి వస్తే, నాలుగు వేల కంటే "బావగారూ" మీద నా మనసు పడింది. బావ బామ్మర్దుల మధ్య ఎగతాళికి మన దగ్గర లైసెన్సు ఉంది. మీరు వాడి వాంతుల్ని కూడా ఆ ఖాతాలోనే వేసి ఉంటారు. "నువ్వు" అనేవాడు "మీరు" అన్నాడంటే ఆ లైసెన్సు రద్దు చేశాడని అర్థం. మర్యాద పెరిగిందని మీ మామగారు మురిసిపోవచ్చు, మీరు మురిసిపోకండి. బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అని పెద్దలంటారు. మీ బతుకు కోరే పిల్లవాడు ఇప్పుడు మీతో లెక్కలు సరిచూసుకుంటున్నాడు.

ఆ నాలుగు వేలు ఫోన్‌పేలో తిరిగి పంపితే ఏమవుతుంది? వాడు మళ్ళీ పంపుతాడు. ఆ వయసులో నేనైతే పంపుతాను. అలాగే ఉంచుకుంటే వాడి లెక్క సరిపోయినట్టే మిగిలిపోతుంది. వచ్చే పండక్కి వస్తాడు, కాళ్ళకు దండం పెడతాడు, "బాగున్నారా" అంటాడు, అక్క పిల్లలతో ఆడుకుని వెళ్ళిపోతాడు. పైకి ఏమీ తెలియదు. చాలా ఇళ్ళలో సంబంధాలు ఇలాగే ఏళ్ళు గడిచిపోతాయి, ఎవరూ చావరు. అది చాలనుకుంటే ఏమీ చేయక్కర్లేదు. చాలదనుకుంటేనే రాయచోటి వెళ్ళాలి.

వెళితే ఒకటి గుర్తుపెట్టుకోండి. అత్తగారింట్లో, అందరి ముందు క్షమాపణ చెప్పొద్దు. అల్లుడు నోరు తెరిచి "తప్పయింది" అనగానే మీ అత్తగారు "అయ్యో, అంత మాటెందుకు నాయనా, పిల్లోడిదే బలహీనం" అంటారు. మామగారు కాఫీ తెమ్మంటారు. రెండు నిమిషాల్లో అందరూ కలిసి మిమ్మల్నే ఓదారుస్తారు, వాడు గోడకానుకుని చూస్తుంటాడు. వాణ్ణి ఒక్కణ్ణే బయటికి తీసుకెళ్ళండి, టీ అంగడికో, పొలం దాకానో. చెప్పాల్సింది పొడుగ్గా ఉండక్కర్లేదు. "ముందు రాత్రి నువ్వు రానన్నావు, నేను నవ్వినాను. తొమ్మిదికి ఆయప్ప అడిగినప్పుడు తిప్పమని నేను చెప్పల్య. నాదే తప్పు." మీ ఐదు పేజీల్లో కనపడని "నేను" ఈ మూడు వాక్యాల్లో ఉండాలి. "కానీ" అన్న మాట రాకూడదు. ఆ తర్వాత వాడు ఏమన్నా వినండి. "పర్లేదులే బావగారూ" అని తేల్చేయొచ్చు. కడుపులో ఉన్నదంతా కక్కేయొచ్చు, ఇన్నాళ్ళూ పట్టిన కోపం కాబట్టి కాస్త ఎక్కువగానే. ఏమీ అనకుండా టీ తాగి లేచిపోవచ్చు కూడా. ఆ రోజే "నువ్వు"లోకి దిగిపోవాలని ఆశపడకండి. డబ్బు సంగతి వాడు ఎత్తితే జేబులోంచి నోట్లు తీసి ఇవ్వండి, ఎత్తకపోతే ఆ పూటకు మీరూ ఎత్తొద్దు. గ్రూపులో ఫొటో తీయించారా లేదా అన్నది మాత్రం వెళ్ళే ముందే తేల్చుకోండి. వాడు మొదట అడిగేది అదే కావచ్చు.

మీ భార్యను కూడా తీసుకెళ్ళాలా అంటే, ఆమెనే అడగండి. ఎలాగూ ఘాట్ మీదుగానే పోతారు కాబట్టి గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొంటారు, కడప వాళ్ళెవరూ అక్కడ ఆగకుండా పోరు. కొనండి. వాడితో మాట్లాడి వచ్చేదాకా ఆ సంచి కారులోనే ఉండనివ్వండి.